వాసాలకే వెల

కువైట్‌లోని ఖైతాన్‌లో బుల్లెమ్మ కాపురమున్న ఫ్లాటులో గది ఖాళీ అయినప్పుడు, చూడవచ్చినవారు మొదట అడగవలసిన ప్రశ్న ఒకటి ఉండేది. "అద్దె ఎంత?" అన్నది కాదు. "వాసాలెంత?" అని అడగాలి. ఆ భవనంలో వాసమన్నది వెదికినా కనిపించదు. గోడలు కాంక్రీటు, కప్పు కాంక్రీటు, మెట్లు కాంక్రీటు. ఎండాకాలం మధ్యాహ్నం కొళాయి తిప్పితే మేడమీది తొట్టెలో కాగిన నీళ్ళు పొగలు కక్కుతూ వస్తాయి కనుక, స్నానానికి ముందునాడే బకెట్లలో నీళ్ళు పట్టి చల్లార్చుకోవలసిన ఇల్లది. అటువంటి ఇంట్లో తాటాకు కప్పును మోసే వాసాల మాట ఎలా నిలిచిందో చెప్పాలంటే బుల్లెమ్మను గురించి చెప్పాలి.

ఆమెను నేను మొదట చూసినది, నేను తెలుగు పాఠాలు చెప్పిన బడిలో. ఆమె అక్కడ ఆయా. చిన్న తరగతుల పిల్లలను బస్సు దింపడం, ముక్కులు తుడవడం, వరుసలో నిలబెట్టడం ఆమె పని. ఏ బెంచీ ఎవరిదన్న తగవు వస్తే ఆమె తీర్పు ఒక్కటే: "బెంచీ బడిదిరా. కూకున్నంతసేపే నీది." ఆ రెండు వాక్యాలను నేను చాలా ఏళ్ళు మనసులో ఉంచుకున్నాను. షష్ఠీ విభక్తి బోధించేటప్పుడు మనం సాధారణంగా రాముని బాణమనీ చెట్టు కొమ్మ అనీ చెప్పి ఊరుకుంటాము. బడికి బెంచీతో ఉన్న సంబంధమూ, కూర్చున్న పిల్లవాడికి అదే బెంచీతో ఉన్న సంబంధమూ ఒకటి కావనీ, అయినా భాష రెండింటికీ ఒకే ప్రత్యయం ఇస్తుందనీ చెప్పడానికి ఇంతకంటె తేలికైన ఉదాహరణ నాకు దొరకలేదు. అయితే ఇది బుల్లెమ్మ కథ. వ్యాకరణం ప్రక్కన పెడతాను.

బుల్లెమ్మది కోనసీమ. నదీపాయల నడుమ ఉన్న ఒక లంకలో పుట్టింది. కువైట్‌కు ఇంటిపనికి వచ్చి, రౌదాలో ఒక పెద్ద కుటుంబంలో చాలా ఏళ్ళు చేసింది. ఆ ఇంటి యజమానురాలిని పనివాళ్ళందరి వలెనే 'మామా' అని పిలిచేది. మామా పిల్లలు పెద్దవారైన తరువాత, ఆమె అనుమతితోనే బుల్లెమ్మ బడిలో ఆయాగా చేరింది. భర్త బంగారయ్య అప్పటికే వచ్చి, ఖైతాన్‌లో ఒక చెక్కపని వర్క్‌షాపులో వడ్రంగిగా ఉండేవాడు. మామాకు ఖైతాన్‌లో ఒక పాత భవనం ఉన్నది. అందులో నాలుగు గదుల ఫ్లాటు ఒకటి, తన ఇంట్లో అంతకాలం పనిచేసిన మనిషి కదా అన్న అభిమానంతో, బయటి కంటె బాగా తక్కువ అద్దెకు ఇచ్చింది. అగ్రిమెంటు బంగారయ్య పేర రాశారు.

భార్యాభర్తలు ఇద్దరే, పిల్లలు లేరు. నాలుగు గదులు వారికెందుకు? మిగిలిన మూడు గదులకూ మూడు కుటుంబాలను తెచ్చుకున్నారు. ఇంతవరకు ఇక్కడ అందరూ చేసే పనే. ఫ్లాటు ఒకరు తీసుకోవడం, గదులను ఇతరులకిచ్చి, తన అద్దె పోగా పైన మిగుల్చుకోవడం, గది ఖాళీ చేసి వెళ్ళేవాడు వచ్చేవాడి దగ్గర 'నా గది' అంటూ కొంత పట్టుకుపోవడం, ఆ వచ్చినవాడు తాను వెళ్ళేటప్పుడు దానికి మరికొంత కలిపి అడగడం. ఇలా చేతులు మారినప్పుడల్లా గది బరువెక్కుతుంది. పైన మిగుల్చుకోవడాన్నీ, ఇలా చేతులు మారే సొమ్మునూ బుల్లెమ్మ ఒప్పుకోలేదు.

బంగారయ్య హాలులో చెక్కగోడలు నిలబెట్టాడు. గదిగదికీ అలమర చేశాడు. లంకలో వరద వచ్చినప్పుడు సామాను ఎక్కించుకునే అటక ఎలా ఉంటుందో, అదే కొలతలో వంటింటి పైన ఒక అటక కట్టాడు. కువైట్‌లో వరద ఎక్కడిదని అందరూ నవ్వారు. వెళ్ళిపోయేవారు వదిలిన కంబళ్ళు, చలికోట్లు, గిన్నెలు ఆ అటక మీదికి చేరేవి. కొత్తగా వచ్చినవారు దానిలోనుంచి తీసుకొని మొదటి నెల గడుపుకునేవారు. గది వదిలే కుటుంబానికి, వచ్చే కుటుంబం ఇవ్వవలసినది ఆ చెక్కగోడకూ, అలమరకూ, ఏసీలో వారి వాటాకూ మాత్రమే. అదీ అరుగుదల తీసివేసి. అద్దెను గదుల వైశాల్యాన్ని బట్టి పంచుకోవాలి. ఒకరి మీద ఒకరు ఒక్క ఫిల్సు కూడా మిగుల్చుకోరాదు.

నేను మా బడి సహోద్యోగి ఒకరికి గది కోసం మొదటిసారి అక్కడికి వెళ్ళినప్పుడు, ఈ లెక్క నాకు అర్థం కాలేదు. సహోద్యోగి పాపం, ఇంకొంచెం ఇస్తానన్నాడు. బుల్లెమ్మ తీసుకోలేదు.

"మాస్టారండీ, మా లంకలో మట్టికి రేటు కట్టినోడు లేడండి," అన్నది. "మట్టి గోదారిదండి. ఇయ్యేడు మనకాడుంటాది, పైయేడు అవతలొడ్డుకి పోద్ది. పోయేదానికి ఎల ఎవడు కడతాడండీ? ఇల్లు వొదిలి ఎల్లేవోళ్ళకి వాసాలకీ, తాటాకుకీ ఇచ్చేవోళ్ళం. అయ్యి ఆళ్ళు మోసుకొచ్చినయ్యి కదండీ. ఆయ్, అంతే."

ఆ రోజునుంచి ఆ ఇంటికి నేను బయటి మనిషినయ్యాను. ఈ మాటను వివరించాలి. గది ఖాళీ అయితే ఎవరికివ్వాలన్నది ఆ ఇంట్లో ఉంటున్న కుటుంబాలు, పూర్వం అక్కడుండి వెళ్ళిపోయిన ఒకరు, ఆ ఇంటితో నిమిత్తంలేని బయటివారొకరు కూర్చొని తేల్చేవారు. వెళ్ళిపోయిన మనిషి రమాదేవి అనే నర్సు. ఆమె తణుకులో ఉండి ఫోనులో మాట్లాడేది. బయటి మనిషిని నేను. గది వదిలేవారికి మాత్రం తమ గది విషయంలో మాట లేదు. వారు ఆ గంటసేపు క్రింద బకాలా అనే చిల్లరకొట్టు ముందు నిలబడి టీ తాగిరావాలి. ఇది బుల్లెమ్మ పెట్టిన కట్టడి.

మన పాత రెవెన్యూ వాడుకలో గ్రామకంఠమన్న మాట ఒకటున్నది. ఊరివారు ఇళ్ళు కట్టుకొని నివసించే నేల అది. సాగుభూమి కాదు. కంఠమంటే గొంతు అని అందరికీ తెలుసు; సమీపమనే అర్థం కూడా నిఘంటువులు ఇస్తాయి. ఊరికి చేరువలో ఊరిదై ఉండే నేలను మన పెద్దలు ఎంత సొగసుగా పిలిచారో అని నేను తరగతిలో చెబితే, పిల్లలు గంట ఎప్పుడు కొడతారా అని చూసేవారు. ఆ మధ్య ఒక పత్రికలో కమ్యూనిటీ లాండ్ ట్రస్టు అనే ఏర్పాటును గురించి చదివాను. కొన్ని దేశాలలో పట్టణవాసులు కలిసి, నేలను సంఘం పేర శాశ్వతంగా ఉంచి, దాని మీది ఇంటిని మాత్రమే మనుషులకు అమ్ముతారట. ఆ ఇంటివారు మళ్ళీ అమ్మదలిస్తే, నేల ధర పెరిగిందన్న లాభం వారికి చేరదు. తాము పెట్టినదీ, దానిపై ఒక మితమైన పెరుగుదలా మాత్రమే చేరుతుంది. అందువలన తరువాత వచ్చే సామాన్యునికి కూడా ఆ ఇల్లు అందుబాటులోనే ఉంటుంది. దాని పాలకవర్గంలో అక్కడ ఉండేవారూ, చుట్టుప్రక్కలవారూ, బయటివారూ ఉంటారట. చదువుతూ చదువుతూ నేను పత్రిక మడిచి పెట్టి, ఇది బుల్లెమ్మ ఫ్లాటు కదా అనుకున్నాను. తేడా ఒక్కటే. వారికి నేల ఉన్నది. మనకు ఈ దేశంలో నేల ఉండదు, ఉండబోదు. ఉన్నదంతా ఒక అగ్రిమెంటు, అందులో ఒక పేరు.

తేడా చిన్నదేననుకున్నాను. చిక్కు వచ్చింది అక్కడే.

రెండేళ్ళ క్రితం వేసవి మొదట్లో, బంగారయ్యకు ఇఖామా, అంటే నివాసపు అనుమతి, ఇక కొత్తది చేయించేది లేదని వర్క్‌షాపు యజమాని అయిన కఫీల్ చెప్పాడు. బంగారయ్యకు అరవై దాటాయి. చేతులు వణకడం మొదలైంది. బుల్లెమ్మకు కూడా బడివారు ఆ ఏటితో చాలన్నారు. వారికి అది దుర్వార్త కాదు. లంకలోని ఇల్లు ఏనాడో గోదావరిలో కలిసిపోయింది కాని, గట్టు మీద బుల్లెమ్మ అన్న అచ్చిబాబుకు ఇల్లున్నది. ఆ ఇంటి వసారా వీరిద్దరికని అన్న ఎప్పుడో మాట ఇచ్చాడు. వెళ్ళిపోదామని ఇద్దరూ సంతోషంగానే అనుకున్నారు.

అప్పుడు భవనం కాపలా చూసే సైఫుల్లా వచ్చి, మామా పెద్దకొడుకు అన్న మాట చెప్పిపోయాడు. ఇప్పుడు భవనం వ్యవహారాలన్నీ అతడే చూస్తున్నాడు. బంగారయ్య వెళ్ళిపోతే ఆ అగ్రిమెంటు ఖలాస్. కొత్త పేరు, కొత్త అద్దె, బయట అందరూ ఇచ్చేంత. అంటే దాదాపు రెట్టింపు.

బుల్లెమ్మ ఆ సాయంత్రం నాకు ఫోను చేసింది. "మాస్టారండీ, అందరి చేతులూ కట్టేశానండి, ఎవడూ రేటు పెంచకుండా. నా మొగుడి పేరు మీదే ఇల్లంతా నిలబడిందని సూసుకోలేదండి. లంకలో పేర్లెక్కడియ్యండి? కాయితం ఉంటే కదండీ పేరుండేది."

ఆ ఇంట్లో ఎక్కువగా దెబ్బ తగిలేది రెడ్డెమ్మ కుటుంబానికి. రెడ్డెమ్మది అన్నమయ్య జిల్లా. బడిలో బుల్లెమ్మ తరువాత ఆయా ఆమె. భర్త చిన్నపుల్లయ్య నీళ్ళ లారీ నడుపుతాడు. కూతురు పుష్పలత మా బడిలోనే తొమ్మిదో తరగతి. అద్దె రెట్టింపయితే తల్లీకూతుళ్ళు ఇంటికి వెళ్ళవలసిందే, చిన్నపుల్లయ్య ఏ మనుషుల మధ్యనో మంచం వేసుకోవలసిందే.

ఆ శుక్రవారం నన్ను భోజనానికి పిలిచారు. నేను ఫింటాస్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. బస్సులో ఖైతాన్ చేరేసరికి గాలిలో దుమ్ము లేచింది. ఎదుటి మేడలు పాత ఫొటోలోవాటిలా వెలిసిపోయి కనిపించాయి. హాలులో చాప మీద ఆకులు లేవు కాని, ప్లాస్టిక్ పరచి అందరికీ ఒకే వరుస వేశారు. బుల్లెమ్మ మేనల్లుడు రాజా, అతని భార్య బేబి కూడా వచ్చారు. రాజా అచ్చిబాబు కొడుకు. షుఐబాలో ఒక కాంట్రాక్టరు దగ్గర క్రేను నడుపుతాడు. మంచి జీతం, మంచి మాట, కొంచెం తొందర. బేబి సెలూనులో పనిచేస్తుంది. ఇద్దరూ ఫింటాస్‌లో ఎవరి ఫ్లాటులోనో ఒక గదిలో ఉంటున్నారు.

పప్పు వడ్డన కాగానే రాజా విషయానికి వచ్చాడు.

"అత్తా, దీనికి ఇంత ఆలోచన దేనికి? అగ్రిమెంటు నా పేరు మీద రాయించు. కొత్త అద్దె నేను కడతాను. ఈ గదులు బయట రేటుకి ఇస్తే నాకు అద్దె పోను ఇంకా మిగులుద్ది."

"మరి ఈళ్ళో?" అన్నది బుల్లెమ్మ.

"ఉంటే ఉంటారు. బయట రేటు ఇచ్చి. నేనేమన్నా పొమ్మన్నానా?"

రెడ్డెమ్మ మజ్జిగ గరిటె గిన్నెలో పెట్టి, "పొమ్మన్లేదులే రాజా. దోవ సూపిస్తాండావు, అంతే," అన్నది.

"అది కాదక్కా. నేను తీసుకోకపోతే ఎవడో ఒకడు తీసుకుంటాడు. ఆడు పెంచడా? అదేదో మనోడు పెంచుకుంటే తప్పేంటంట?"

అంతవరకు తల వంచుకొని తింటున్న బేబి తల ఎత్తింది. "మన రూము ఓనరు కూడా మొన్న ఇదే అన్నాడు కదండీ," అన్నది మెల్లగా. "'నేను పెంచకపోతే ఇంకోడు పెంచుతాడమ్మా' అని. మీరు రాత్రంతా తిట్టారు అతన్ని."

చిన్నపుల్లయ్యకు పొలమారింది, అది నిజంగా పొలమారడమో కాదో నాకు తెలియదు. రాజా చారు పోయించుకున్నాడు.

తిన్న తరువాత బుల్లెమ్మ వంటింట్లో నాతో అన్నది: "ఆడన్నదాంట్లో కోపం తెచ్చుకోడానికి ఏం లేదండి. అందరూ అదే చేత్తారు. కానండి, మా అన్నయ్య వసారాకి దారి ఈడి మొకంలోంచే ఉందండి. ఇక్కడ కాదంటే అక్కడ మొకం తిప్పుకుంటారు. ముసలోళ్ళం, ఎక్కడికెల్తామండి?"

అటక క్రింద ఉల్లిపాయల బుట్ట సర్దుతున్న బంగారయ్య, మామూలుగా నోరు విప్పని మనిషి, అప్పుడు మాట్లాడాడు.

"పడవ కట్టేటప్పుడు మనోళ్ళు ఏం చేసేవోరే? కొత్త తాడు బిగించాకే కదా పాతది విప్పేది. మనం ఒక్క తాడే ఏసి ఇన్నేళ్ళు కూకున్నాం. నేను ఎల్లకముందే ఇంకో రెండు పేర్లు ఎక్కించాల. ఒకటి కాదు, రెండు. ఒకళ్ళెల్తే ఇంకొకళ్ళు ఉంటారు. ఆళ్ళు ఇంకోళ్ళని ఎక్కిత్తారు."

"ఎవరి పేర్లు?" అన్నది బుల్లెమ్మ.

"అది నన్నడుగుతావేటే? మన గది మీద మనకి మాట లేదని పెట్టింది నువ్వే కదా."

తరువాతి శుక్రవారం కూర్చున్నాము. నియమం ప్రకారం బుల్లెమ్మ, బంగారయ్య క్రిందికి వెళ్ళిపోయారు. కిటికీలోనుంచి చూస్తే ఇద్దరూ బకాలా నీడలో చెరొక గాజుగ్లాసు పట్టుకొని, పెళ్ళివారింట్లో పిలుపు కోసం ఎదురుచూసే చుట్టాల్లా నిలబడి ఉన్నారు. రాజా, బేబి గది అడుగుతున్నవారు కనుక వాళ్ళూ లోపల ఉండకూడదు. మెట్ల మీద కూర్చున్నారు. రాజా తన కోరికను కొంచెం తగ్గించుకున్నాడు. ఫ్లాటంతా కాదు, అత్త గది చాలునన్నాడు. కాని అగ్రిమెంటులో పేరు మాత్రం తనదే ఉండాలన్నాడు. ఆ గది కోసం మరొక కుటుంబం కూడా అడిగింది కాని, వారు సగం మాటలో వేరే చోట కుదుర్చుకున్నారు. కనుక తేల్చవలసినది రాజాను గురించే.

రమాదేవి ఫోనులో మొదలుపెట్టింది. బుల్లెమ్మ మేనల్లుడు కదా, ఇవ్వకపోతే ఆమెకు ఇంటి దగ్గర ఇబ్బంది అవుతుందన్నది. మిగిలిన రెండు కుటుంబాలు కూడా ఆ మాటే కొంచెం అటూఇటూ అన్నాయి. అందరికీ బుల్లెమ్మ మీద ప్రేమ, అందరికీ రాజా అంటే భయం. నాకూ అంతే. బంధుత్వాన్ని చూసి ఇస్తే, ఇంతకాలం నిలిచిన కట్టడి ఏమవుతుందని నేను నసిగాను. అధ్యాపకుడు నసిగితే విద్యార్థులు నిద్రపోతారు. పెద్దవారు మర్యాదకు తల ఊపుతారు.

రెడ్డెమ్మ అందరూ అయ్యేదాకా ఆగింది.

"గది ఇద్దాం సార్," అన్నది. "ఆ బిడ్డ నోరు తెరిచి అంతమంది ముందర నిజం చెప్పింది. అట్లాటోళ్ళు ఇంట్లో ఉండాల. కానీ రాజా పేరు వద్దు. బేబి పేరు ఎక్కించండి. ఆ పిల్లకీ బతాకా కార్డు ఉండాది, ఉద్యోగం ఉండాది. ఇంగో పేరు నాది. మా ఇద్దర్లో ఒకరు సరే అంటే సాలదు. ఇద్దరూ సంతకం పెడితేనే ఏ మార్పైనా."

చిన్నపుల్లయ్య భార్య వంక చూశాడు. "నా పేరు రాయరా ఏంది?"

"నీకు లారీ అగ్రిమెంటు ఉండాది కదా. దాన్ని సూసుకో."

రమాదేవి ఫోనులో నవ్వింది. అందరమూ ఒప్పుకున్నాము. రాజాను లోపలికి పిలిచి చెప్పవలసిన బాధ్యత బయటి మనిషినని నా మీద పెట్టారు. చెప్పాను. అతడు గుమ్మంలోనే నిలబడి విన్నాడు.

"నాకు కాపలా పెట్టారన్నమాట. అదీ నా పెళ్ళాన్ని."

"కాపలా కాదు నాయనా," అన్నాను.

"కాపలానేలే సార్, దాయడం ఎందుకు," అన్నది రెడ్డెమ్మ. "నాకు ఆ పిల్ల కాపలా. ఆ పిల్లకి నేను కాపలా. నువ్వు హాయిగా తిరుగు."

రాజా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. బేబి వెళ్ళలేదు. ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చి, వంటింట్లో ఉన్న గ్లాసులు కడగడం మొదలుపెట్టింది. తెలుగు వరుసలలో భర్తకు మేనత్త అయిన స్త్రీ భార్యకు పిన్ని అవుతుంది; ఆ లెక్క ఎంతో నిర్దుష్టమైనదని నేను మా పిల్లలకు బొమ్మ గీసి చెప్పేవాడిని. క్రిందనుంచి వచ్చిన బుల్లెమ్మ ముఖం చూసి బేబి అన్నది: "పిన్నిగారూ, ఆయన సంగతి నేను చూసుకుంటాను. ఊళ్ళో మామయ్యగారికి కూడా నేనే ఫోన్ చేత్తాను."

తరువాత మిగిలినది మామాను ఒప్పించడం. బుల్లెమ్మ, రెడ్డెమ్మ, బేబి ముగ్గురూ రౌదా వెళ్ళారు. అక్కడ జరిగినది రెడ్డెమ్మ నాకు చెప్పగా విన్నాను. మామా ఇప్పుడు చక్రాల కుర్చీలో ఉంటున్నది. బుల్లెమ్మను చూసి, "బుల్లీ, తాల్," అని దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకున్నదట. పెద్దకొడుకు ప్రక్కనే ఉన్నాడు. బుల్లెమ్మ తన సగం అరబీలో, సగం సైగలలో విషయమంతా చెప్పింది. కొడుకు ఓపికగా విని, న్యాయమైన ప్రశ్నే అడిగాడు: నిన్ను మా అమ్మ ఎరుగును, వీళ్ళను ఎవరు ఎరుగుదురు?

బుల్లెమ్మ తన మంచితనాన్ని గురించి ఏమీ చెప్పలేదు. ఆ ఫ్లాటు ఇన్నేళ్ళలో ఒక్క నెల ఖాళీగా ఉన్నదా అని అడిగింది. ఏనాడైనా అద్దె ఆలస్యమయిందా? భవనంలో తలుపులు, కిటికీలు బంగారయ్య బాగుచేస్తే కూలి అడిగాడా? మనుషులు మారారు, ఇల్లు నడిచే తీరు మారలేదు. నేను వెళ్ళినా అది మారదు. నమ్మకం లేకపోతే ఏడాదికొకసారి వచ్చి చూసుకోండి అన్నది.

కొడుకు ఆలోచించాడు. పాత అద్దెకు ఇవ్వడం కుదరదన్నాడు. రెట్టింపు వద్దన్నాడు. రెండింటికీ నడుమ, పాతదానికి దగ్గరగా ఒక మాట చెప్పి, ఇద్దరి పేర్లూ రాయడానికి సరేనన్నాడు. మామా మధ్యలో బేబిని పిలిచి, అన్నం వండడం వచ్చునా, మసాలా ఎక్కువ వేస్తావా అని విచారించిందట. ఆ ప్రశ్నకూ ఇంటికీ సంబంధమేమిటో రెడ్డెమ్మకు ఇప్పటికీ తెలియదు. వేయనని బేబి చెప్పింది. "ఖలాస్," అని మామా కళ్ళు మూసుకున్నది.

అద్దె పెరిగింది కనుక ఫ్లాటులో కొంత గొణుగుడు కూడా పెరిగింది. ఒక కుటుంబం ఇంటర్నెట్టు మానుకున్నది. పుష్పలత దాన్ని గురించి నాకు ఫిర్యాదు చేసింది. ఏర్పాటు నిలిచిందంటే ఉచితంగా నిలిచిందని కాదు. తల్లీకూతుళ్ళు మాత్రం వెళ్ళవలసిన అవసరం తప్పింది.

బుల్లెమ్మ, బంగారయ్య వెళ్ళే రోజు శుక్రవారమే పడింది. అంతవరకు ముఖం చూపని రాజా ఆ మధ్యాహ్నం వచ్చాడు. గదిలో చెక్కగోడ, అలమర, ఏసీ వాటా ఎంతో అందరికీ తెలిసినదే. అతడు జేబులోనుంచి తీసి చాప మీద పెట్టినది దానికి చాలా ఎక్కువ. బయట అటువంటి గదికి ఇచ్చేంత ఉన్నది.

"ఇదేంట్రా?" అన్నది బుల్లెమ్మ.

"ఉంచు అత్తా. నా అత్త గది నేను చవగ్గా కొట్టేశానని ఎవడూ అనకూడదు."

బుల్లెమ్మ ఆ నోట్లలో తనకు రావలసినవి తీసుకొని, మిగిలినవి అతని చొక్కాజేబులో కుక్కింది. "మట్టికి నేను డబ్బు తీసుకోనురా. మీ తాత కూడా తీసుకోలేదు."

"నీతో ఏగలేం అత్తా."

"మీ మామయ్య ఏగలేదూ?"

అటక ఎక్కి కంబళ్ళు సర్దుతున్న బంగారయ్య వినిపించుకోలేదు. ఆ కంబళ్ళలో వారిద్దరివి కూడా ఉన్నాయి. రెడ్డెమ్మ ఆయనకు నిచ్చెన పట్టుకొని, "దిగు అన్నా, పడితే ఇమానం ఆపరు," అన్నది. ఈ వాసాలేమిటో తనకు ఇప్పటికీ తెలియదనీ, తమ ప్రక్క మట్టిమిద్దెలకు దూలాలు, దంతెలు ఉంటాయనీ, వచ్చేవారికి తాను దంతెల లెక్కే చెబుతాననీ కూడా అన్నది. చెప్పుకోమన్నాడు బంగారయ్య.

పెట్టెలు రాజా మోశాడు. చిన్నపుల్లయ్య ఎవరిదో కారు తెచ్చి క్రింద నిలిపాడు. నేనూ మెల్లగా దిగి వెళ్ళాను. డిక్కీ మూసిన తరువాత రాజా కారు మీద చెయ్యి వేసి, ఎటో చూస్తూ అన్నాడు:

"నాన్నతో మాట్లాడాను. వసారాలో ఫ్యాను ఏయించమన్నాను. వానజల్లు కొట్టకుండా తడిక కూడా."

బుల్లెమ్మ పైటకొంగు సర్దుకొని కారెక్కింది. బేబి ఆమె ఒళ్ళో ఒక టిఫిను డబ్బా పెట్టింది. చిన్నపుల్లయ్య ఇంజను వేశాక, రాజా కిటికీ దగ్గరికి వంగాడు.

"అత్తా, రేపు మేం ఎల్లేటప్పుడు మాకూ ఇంతేనా వచ్చేది?"

"ఇంతెందుకొత్తాదిరా," అన్నది బుల్లెమ్మ. "తక్కువే వత్తాది. అప్పటికి వాసాలు పాతబడిపోవూ?"